కళ్ళారా చూశానని రాసిన పంతులమ్మ

కైరోలోని ఐన్ షమ్స్‌లో సూడాన్ వాళ్ళు ఉండే సందుల్లో బతూల్ పేరు తెలియని ఇల్లు లేదు. అందరూ ఆవిడను ఉస్తాజా అనేవారు. పంతులమ్మ అని. ఎవరికి ఆఫీసు నుంచి కాగితం వచ్చినా, ఎవరు ఆఫీసుకి కాగితం పెట్టుకోవాలన్నా ముందు ఆవిడ మేడమెట్లే ఎక్కేవారు. ఆ పేటలో ఆఫీసు అంటే ఒకటే. యుద్ధం తరిమేసిన మనుషుల గోడు విని, నమ్మితే శరణార్థి కార్డు ఇచ్చే చోటు. జరిగిందంతా ముందే ఇంగ్లీషులో రాసి ఇస్తే పని సులువవుతుందని ఎవరో ఎప్పుడో అన్నారు. ఆ మాటే బతూల్‌కి బతుకుతెరువైంది.

అంతకుముందు ఆవిడ సూడాన్‌లోని న్యాలాలో ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఉద్యోగస్తులైన ఆడవాళ్ళు చుట్టుకునే తెల్ల తోబు చుట్టుకుని, చేతిలో చెక్క స్కేలుతో వరండాలో నడిచి వస్తుంటే పిల్లలు గప్‌చుప్‌గా కూర్చునేవారు. ఆవిడకు ప్రాణమంతా క్రియల మీదే. జరిగిపోయిన దాన్ని చెప్పే క్రియలంటే మరీను. ఒక్కో క్రియకు మూడేసి రూపాలు, పిల్లలు గొంతెత్తి పాటలా చదవాల్సిందే. తడబడ్డ పిల్లను కొట్టేది కాదు. "నిన్న జరిగింది నిన్నటిలాగే చెప్పలేకపోతే రేపు నీ మాట ఎవరు నమ్ముతారే?" అని మాత్రం అనేది.

ఆవిడకు ఆ పిచ్చి పట్టించింది చిన్నప్పటి మాస్టారు ఫద్‌లల్లా. ఆయన ఖార్తూమ్‌లో తెల్లవాళ్ళ దగ్గర గుమాస్తాగా పనిచేసి వచ్చినవాడు. సర్కారుకు రాసేటప్పుడు మాట ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉండాలనేవాడు. ఉన్నాను అనడానికి 'లివ్డ్' అని రాస్తే కొట్టేసి 'రిసైడెడ్' అని పెట్టేవాడు. వెళ్ళాను అనడానికి 'వెంట్' కాదు, 'ప్రొసీడెడ్'. చూశాను అనడానికి 'సా' అనే మూడు ఇంగ్లీషు అక్షరాల మాట ఆయనకు అసలు గిట్టేది కాదు. "ఆ మాట పిల్లి ఎలకను చూసినప్పటికి చాలు. మనిషి చూసినదానికి 'విట్నెస్డ్' అని రాయి. కళ్ళారా చూశాను, ప్రమాణం చేసి చెప్తాను అని ఆ ఒక్క మాటలోనే ఉంది," అనేవాడు. బతూల్ తలలో ఆ మాట ఆ వయసులోనే నాటుకుపోయింది.

భర్త ముఖ్తార్‌కు మూత్రపిండాలు పాడైతే వైద్యానికని కైరో తీసుకొచ్చింది. రెండేళ్ళు ఈడ్చి ఆయన పోయాడు. ఆయన్ను ఇక్కడే మట్టిచేసి తిరిగి వెళ్దామని సామాను సర్దుకుంటుండగా న్యాలాలో వాళ్ళ పేట తగలబడిందని కబురొచ్చింది. చెల్లెలు ఇఖ్లాస్ ఆ రోజు ఇంట్లోనే ఉంది. ఫోనులో చెప్పిన మేనమామ కూడా చూసినవాడు కాదు. ఆయనకు ఇంకెవరో చెప్పారు. బతూల్ సర్దిన సామాను విప్పి మళ్ళీ అలమరలో పెట్టుకుంది. తన సొంత కథ మాత్రం ఏ కాగితం మీదా రాయలేదు. చూడనిది ఏమని రాస్తుంది?

తిరాబ్ ఆవిడ దగ్గరికి ఒక శుక్రవారం, నమాజు అయ్యాక వచ్చాడు. వీధి మలుపులో టీ అమ్మే కల్తూమా వెంటబెట్టుకుని వచ్చింది. బతూల్‌కి ఈ ఊళ్ళో నేస్తమంటే కల్తూమాయే. లావుపాటి మనిషి, మేడ ఎక్కేసరికి ఆయాసం. గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఇదుగో, నీకో శిష్యుణ్ణి తెచ్చాను. మూడు రోజులుగా నా టీ తాగుతున్నాడు, బాగుందనీ అనడు, తగలెయ్యమనీ అనడు. ఈ మూగాయన చేత మాట్లాడించావంటే నువ్వు నిజంగా పంతులమ్మవే."

"నువ్వు కాస్త నోరు మూసుకుంటే అతనే మాట్లాడతాడు. కూర్చో నాయనా. ఏ ఊరు?"

కుతుమ్‌కి గాడిద మీద ఒక రోజు దూరంలో ఉన్న పల్లె. వయసు ముప్పైకి లోపే. గాజుసీసాల కార్ఖానాలో పని దొరికింది, చేతుల నిండా చిన్న చిన్న కోతలు. మాట్లాడేటప్పుడు ఆ చేతులు ఒళ్ళో ఒకదానిమీద ఒకటి పెట్టుకుని వాటినే చూసేవాడు. ఊరి సంగతి చెప్పాడు, పశువులు పోయిన సంగతి చెప్పాడు. అన్న దగ్గరికి వచ్చేసరికి గొంతు చిన్నదైపోయింది.

"మా అన్న హమ్దాన్. బావి దగ్గర. నలుగురు వచ్చారు. నేను మా అన్న చావుకి హాజరయ్యాను ఉస్తాజా."

అంతే అన్నాడు. ఆ మాటకు వాళ్ళ భాషలో రెండర్థాలున్నాయి. ప్రాణం పోతుంటే పక్కన ఉన్నవాడూ ఆ మాటే అంటాడు. తరవాత వచ్చి, మట్టి వేసి, నలుగురితో కూర్చుని లేచి వెళ్ళినవాడూ ఆ మాటే అంటాడు. ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. బతూల్ అడగలేదు. పుండు మీద వేలు పెట్టడం ఎందుకని అడగలేదని తరవాత తనకు తాను చెప్పుకుంది. అది సగం నిజం. చేతిలో ఉన్న పెన్ను అప్పటికే ఆ క్రియ దగ్గరికి వెళ్ళిపోయిందన్నది మిగతా సగం. నలుగురు సాయుధులు మా అన్న హమ్దాన్‌ను చంపడం నేను విట్నెస్డ్, అని రాసింది. రాసి, ఆ వాక్యాన్ని కాస్త దూరంగా పట్టుకుని చూసుకుంది. ఎక్కడా వంక లేదు.

కాగితమంతా అరబ్బీలో చదివి వినిపించింది. తిరాబ్ ప్రతి వాక్యానికీ తల ఊపాడు. చివర సంతకం పెట్టాడు.

కాగితంలో ఉన్నదే నోటితో చెప్పాలి, ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అబద్ధమంటారు. టీ బల్లల దగ్గర అందరూ చెప్పుకునే మాట ఇది. తిరాబ్ దాన్ని నమ్మాడు. కార్ఖానాకు మెట్రోలో వెళ్తూ వస్తూ ఆ రెండు పేజీలూ బట్టీ పట్టాడు. పిలుపు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఎనిమిది నెలలూ రోజుకు రెండుసార్లు, పెదవులు కదుపుతూ, అన్న చావు కళ్ళారా చూశానని చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆఫీసులో కుర్ర అధికారి మర్యాదగానే అడిగాడు. ఆ నలుగురూ ఎటునుంచి వచ్చారు? తలపాగాలు ఏ రంగు? నువ్వు ఎంత దూరంలో ఉన్నావు? వాళ్ళు నిన్నెందుకు చూడలేదు? మొదట తిరాబ్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు. కాగితంలో లేనివి అడిగేసరికి ఒకసారి బావికి తూర్పున ఉన్నానన్నాడు, ఒకసారి కొండ మీద అన్నాడు. చివరికి తల వంచుకుని ఊరుకున్నాడు.

తిరస్కరించిన కాగితం పట్టుకుని అతను వచ్చిన రోజు బతూల్ మునగాకు ఆరబెడుతోంది. చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. 'అన్న హత్యను విట్నెస్డ్ అని దరఖాస్తుదారు రాసి ఇచ్చాడు గాని, చూసినవాడు చెప్పగలిగే ఏ ఒక్క సంగతీ చెప్పలేకపోయాడు.' తను పెట్టిన క్రియనే వాళ్ళు ఎత్తి చూపారు.

"నువ్వు చూడలేదా తిరాబ్?"

"లేదు."

"మరి చూశానని నాతో ఎందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదు ఉస్తాజా. హాజరయ్యానన్నాను. వచ్చాను, పూడ్చాను. అదే కదా హాజరవడమంటే."

"నేను చదివి వినిపించినప్పుడు తల ఊపావు కదయ్యా!"

అతను కోపంగా లేడు. "మీరు పంతులమ్మ. పెద్ద మాట రాశారు. మా అన్నకి పెద్ద మాటే రాయాలి కదా, ఇలాగే రాస్తారు కాబోలు అనుకున్నాను."

బతూల్ కాగితం మడిచి అతని చేతికిచ్చింది. మళ్ళీ అర్జీ పెట్టుకోవడానికి ముప్పై రోజులు గడువుందని, ఈసారి ఉన్నది ఉన్నట్టు రాద్దామని, వచ్చే శుక్రవారం రమ్మని చెప్పి పంపింది. అతను ఆ శుక్రవారం రాలేదు. ఆ పై శుక్రవారం వచ్చాడు. వచ్చినప్పుడు మనిషి వేరేగా ఉన్నాడు. చేతుల వంక చూడడం లేదు. ఆవిడ భుజం మీదుగా వెనక గోడ వంక చూస్తున్నాడు.

"ఉస్తాజా, ఇప్పుడు అడగమనండి. చెప్తాను."

"ఏం చెప్తావు?"

"అన్నీ. తలపాగాలు మూడు ఖాకీవి, ఒకటి ఎర్రది. ఎర్రతలపాగా వాడు ఏదో నములుతున్నాడు. మా అన్న బావిలోంచి తోలుసంచి పైకి లాగుతున్నాడు. తాడు వదల్లేదు. వదిలి పరిగెత్తితే బతికేవాడేమో. నీళ్ళు ఒలికిపోతాయని వదల్లేదు."

బతూల్‌కి చేతిలో పెన్ను కింద పెట్టాల్సి వచ్చింది. "ఎవరు చెప్పారు నీకివన్నీ?"

"ఎవరూ చెప్పలేదు. కనిపిస్తోంది. మెట్రోలో కనిపిస్తోంది. సీసాలు కడుగుతుంటే గాజులో కనిపిస్తోంది. మా అన్న నా వైపు చూస్తాడు. నేను అక్కడే నిలబడి ఉంటాను, నలభై అడుగుల దూరంలో. కదలను." అప్పుడు మొదటిసారి ఆవిడ మొహంలోకి చూశాడు. "ఎందుకు కదల్లేదు ఉస్తాజా నేను? మీరు రాశారు కదా, మీకు తెలిసుండాలి. కేకైనా ఎందుకు పెట్టలేదు?"

వీధిలో గ్యాసు బండివాడు ఇనప ముక్కతో సిలిండరు మీద కొడుతూ వెళ్తున్నాడు. బతూల్ లేచి కిటికీ తలుపు మూసి వచ్చింది.

"నువ్వక్కడ లేవు నాయనా. నువ్వే చెప్పావు, లేవు."

"కాగితంలో ఉన్నాను. సంతకం పెట్టాను."

"ఆ కాగితం తప్పు. నాది తప్పు. దాన్ని కొట్టేసి మళ్ళీ రాద్దాం, చూడలేదని రాద్దాం."

"వద్దు," అన్నాడు తిరాబ్. గభాలున లేచి నిలబడ్డాడు. "చూడలేదని రాస్తే మా అన్న ఒక్కడే చచ్చిపోయినట్టు. ఇప్పుడు నేనైనా ఉన్నాను. నిలబడి ఉన్నానో, పిరికివాణ్ణో, ఉన్నాను కదా. అది కూడా తీసేస్తారా మీరు?"

మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గడువు ఇంక పదహారు రోజులు. బతూల్ కల్తూమా టీ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుని జరిగింది చెప్పింది. కల్తూమా అల్లం దంచుతూ విని, రోకలి పక్కన పెట్టింది. "మనిషి కంట్లో లేనిదాన్ని పెన్నుతో పెట్టావన్నమాట. ఇప్పుడు దాన్ని దేంతో తీస్తావే?" అని అడిగింది. వేళాకోళంగా అనలేదు. అందుకే బతూల్‌కి ఆ మాట ఎక్కువ తగిలింది.

మర్నాడు ఆవిడే కార్ఖానా గేటు దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం అతను బయటికి రాగానే ఎదురెళ్ళి, పక్కనున్న ఫూల్ బండి దగ్గర, ఉడకబెట్టిన చిక్కుడుగింజలూ రొట్టే అమ్మేచోట, కూర్చోబెట్టింది. కాగితం తీయలేదు. పెన్ను తీయలేదు.

"రాయడానికి రాలేదు. ఒక సంగతి చెప్దామని వచ్చాను. ఎవరికీ చెప్పలేదు ఇది. మా చెల్లెలు ఇఖ్లాస్ పోయిన గంటలో నేనేం చేస్తున్నానో తరవాత లెక్కేసుకున్నాను. కబురు తెచ్చినవాళ్ళు పొద్దుటి పూట అన్నారు, ఎండ ఎక్కక ముందు అన్నారు. ఆ వేళకి నేను ఇక్కడ, నా వంటింట్లో, ఎర్రపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. రేడియో పెట్టుకుని. పాట వస్తుంటే నేనూ అందుకున్నాను. నా చెల్లెలి ఇల్లు కాలుతుంటే నేను పాడుతున్నాను తిరాబ్."

అతను చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. మెల్లగా అన్నాడు, "నేను నవ్వుతున్నాను."

"ఎక్కడ?"

"కొండమీద."

వాళ్ళ పల్లెలో ఫోనుకి సిగ్నల్ అందదు. కొండెక్కితే అందుతుంది. తిరాబ్‌కి ఆ ఏడాది పెళ్ళి ఖాయమైంది. పిల్ల మేనమామ ఫాషర్‌లో ఉంటాడు, ఆయనతో పెళ్ళి తేదీ మాట్లాడ్డానికి కొండెక్కాడు. మాట్లాడుతుంటే కింద ఎక్కడో తుపాకులు పేలాయి. నాలుగో, ఐదో. పక్క పల్లెలో పెళ్ళి ఉందని తెలుసు. పెళ్ళిళ్ళలో గాలిలోకి కాల్చడం మామూలే. ఫోను పైకెత్తి పట్టుకుని, "వింటున్నావా మామా? నాకంటే ముందు ఎవడో పెళ్ళికొడుకైపోయాడు," అన్నాడు. అవతల ఆయన నవ్వాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను పెట్టేసి దిగుతూ, దారిలో రేగుచెట్టు కనిపిస్తే ఆగి పళ్ళు కోసుకున్నాడు. జేబు నిండా కోసుకుని, తింటూ, తీరిగ్గా దిగాడు. బావి చుట్టూ ఇసకలో నలుగురి అడుగుజాడలు, పక్కన గాడిద నిలబడి ఉంది. దాని మీద ఒక పక్క తోలుసంచి నిండుగా ఉంది, రెండో పక్కది ఖాళీ. అన్న ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

"నోట్లో రేగుపండు ఉంది ఉస్తాజా. ఉమ్మెయ్యాలో మింగాలో తెలియలేదు."

ఆ సాయంత్రం, ఆ తరవాత మరో నాలుగు సాయంత్రాలు వాళ్ళిద్దరూ ఆ బండి దగ్గరే కూర్చున్నారు. ఐదో రోజు బతూల్ కాగితం తీసింది. ప్రతి వాక్యం ముందు అతని నోట అనిపించి, తరవాత రాసింది. కొండమీద ఉన్నాను. తుపాకుల చప్పుడు విన్నాను. పెళ్ళి అనుకున్నాను. దిగాను. చనిపోయి పడి ఉన్న మా అన్న దగ్గరికి వచ్చాను. ఒక్కటీ పెద్ద క్రియ లేదు, అన్నీ ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునేవే. 'విన్నాను' దగ్గర తిరాబ్ ఆపాడు.

"దీనికి పెద్ద మాట లేదా?"

"లేదు. వినడానికి ఇదొక్కటే."

"సరే, ఉంచండి," అని సంతకం పెట్టాడు.

ఆ అర్జీకి బతూల్ తన మాటగా ఇంకో కాగితం జతచేసింది. మొదటి కాగితంలో 'విట్నెస్డ్' అన్న మాట దరఖాస్తుదారుది కాదు, నాది. అతను చెప్పిన మాటకు రెండర్థాలుంటే నేను ఒకటి ఎంచుకున్నాను, అడగకుండా ఎంచుకున్నాను, అని రాసి, పూర్తి పేరుతో సంతకం చేసింది. కల్తూమా ఆ సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"నీకు మతిపోయిందా? రేపటినుంచి నువ్వు రాసిన కాగితం ఒక్కటైనా నమ్ముతారా వాళ్ళు? ఒకడి కోసం పేటంతటినీ పోగొట్టుకుంటావా?"

"నమ్మొద్దనే రాశాను," అంది బతూల్.

కల్తూమా అన్నంతా అయింది. పంతులమ్మ రాతలో తప్పులున్నాయట, ఆవిడే ఒప్పుకుందట అని సందులన్నీ పాకిపోయింది. మేడమెట్లు ఎక్కేవాళ్ళు తగ్గి, ఆగిపోయారు. పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుంటూ ఆవిడ కాలం గడిపింది. పద్నాలుగు నెలలకు తిరాబ్‌ని మళ్ళీ పిలిచారు. ఈసారి అడిగింది పెద్ద వయసు అధికారిణి. అతను రేగుపళ్ళ దాకా అంతా చెప్పాడు. ఆవిడ మధ్యలో రాయడం ఆపి, కిటికీ వైపు తిరిగి కూర్చుందట. మరో రెండు నెలలకు కార్డు వచ్చింది.

కార్డు చూపించడానికి తిరాబ్ ఖర్జూరాలు పట్టుకుని వచ్చాడు. బతూల్ అడగాలా వద్దా అని తటపటాయించి అడిగింది.

"ఇంకా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. కాకపోతే మా అన్న ఇప్పుడు నా వైపు చూడడు. మొహం అటు తిప్పుకుని తాడు లాగుతుంటాడు." ఖర్జూరాల పొట్లం విప్పుతూ, "అది మంచిదో చెడ్డదో తెలియడం లేదు," అన్నాడు.

ఆ దృశ్యం అతన్ని వదల్లేదు సరికదా, బతూల్‌కీ అంటింది. ఆవిడ ఎన్నడూ చూడని పల్లె, ఎన్నడూ చూడని బావి. పట్టపగలు, పిల్లలకు పాఠం చెబుతుంటే, ఒక గాడిద ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉండేది. రెండో తోలుసంచి ఖాళీగా వేలాడుతుండేది. ఎర్రతలపాగా వాడి దవడ కదులుతుండేది. ఆ మనిషి అసలు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. అతన్ని పుట్టించింది తన క్రియ. పాఠం మధ్యలో ఆవిడ ఆగిపోతే పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు.

అలా ఒకరోజు పిల్లలు వెళ్ళిపోగానే మంచం కింది రేకుపెట్టె లాగింది. అందులో ఇన్నేళ్ళుగా రాసిన కాగితాల నకళ్ళన్నీ ఉన్నాయి. నేలమీద పరుచుకుని, వేలు పెట్టి వరసా వరసా వెతికింది. పదిహేడు కాగితాల్లో ఆ మాట ఉంది. ఎవరు నిజంగా చూశారు, ఎవరు హాజరయ్యారు? ఎవరి నోటి మాటను తను ఇస్త్రీ చేసింది? ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆ వాక్యాలు ఎంత బాగా వచ్చాయో అన్నదే.

ఒక్కొక్కరినే వెతికి అడగడం మొదలుపెట్టింది. ఆరుగురి ఫోన్లు పలకలేదు. ఒకడు సముద్రం దాటబోయి పోయాడని వాళ్ళ బంధువు చెప్పాడు. కెనడా చేరిన ఒకాయన మండిపడ్డాడు.

"పదేళ్ళ తరవాత ఇదేం ప్రశ్నమ్మా? నా పిల్లలు ఇక్కడ బళ్ళో చదువుతున్నారు. పడుకున్నదాన్ని లేపకండి."

"ఎవరికీ చెప్పనయ్యా. నాకు తెలియాలి, అంతే."

"నాకే తెలియదు," అని ఫోను పెట్టేశాడాయన.

ఒక ముసలాయన చూశానన్నాడు, మర్నాడు ఆయనే ఫోను చేసి చూడలేదన్నాడు, ఇంకో రెండు రోజులకు మళ్ళీ చేసి ఏడ్చాడు. బతూల్ వింటూ కూర్చుంది. ఆపడం ఆవిడ చేతిలో లేకుండా పోయింది. కల్తూమా కూడా వెక్కిరించడం మానేసి, టీ పట్టుకుని మేడెక్కి వచ్చి పక్కన కూర్చునేది.

అందరికంటే దగ్గరలో ఉన్న మనిషిని అందరికంటే చివరికి పెట్టుకుంది. మర్యూమా రెండు సందుల అవతలే ఉంటుంది. జొన్నపిండి పులియబెట్టి కిస్రా రొట్టెలు వేసి అమ్ముతుంది. బతూల్ వారానికి రెండుసార్లు ఆమె దగ్గర రొట్టెలు కొంటుంది. ఆరేళ్ళ కిందట ఆమె కాగితం కూడా బతూలే రాసింది. భర్తనూ మామగారినీ పెరట్లో చంపారు, అని. చూశాననడానికి పెట్టిన క్రియ అదే, 'విట్నెస్డ్'.

పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళింది. మర్యూమా నేలమీద కూర్చుని, కాలిన పెనం మీద పిండి పోసి తాటాకు ముక్కతో పల్చగా పరుస్తోంది. బతూల్ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఎన్ని రొట్టెలు కావాలని మర్యూమా అడిగితే, రొట్టెలకు రాలేదంది.

"నీ కాగితంలో ఒక మాట రాశాను. కళ్ళారా చూశానని. అప్పుడు నిన్ను సరిగ్గా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పాలని లేకపోతే చెప్పకు. నువ్వు చూశావా?"

మర్యూమా చెయ్యి ఆగలేదు. రొట్టె అంచు లేపి, తీసి, పక్కన తట్టలో వేసింది. మళ్ళీ పిండి పోసింది.

"ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు ఉస్తాజా. మా అమ్మ కూడా అడగలేదు. ఆఫీసులో ఆయన, మీ కాగితంలో అంతా ఉందమ్మా, బాధపడకండి అన్నాడు." పిండి గుండ్రంగా పరిచింది. "నేను జొన్నచొప్ప వామిలో ఉన్నాను. చంటిదాని మొహం నా రొమ్ముకేసి నొక్కి పట్టుకున్నాను, ఏడవకుండా. చొప్పలో సందు చిన్నది. ఒక కన్నే పట్టింది. ముందు మామగారిని. మా ఆయన్ని చాలాసేపు తరవాత. ఎండ గోడ మీంచి గడప దాకా వచ్చింది ఈలోగా."

బతూల్ ఇన్ని ఇళ్ళు తిరిగింది, ఇంతమందిని అడిగింది. ప్రతిసారీ తను తప్పు రాసి ఉంటానేమోననే భయంతో అడిగింది. ఇక్కడ తప్పు లేదు. ఆ మాట ఇక్కడ సరిగ్గా పడింది. ఇది కూడా తప్పై, కొట్టేయగలిగితే బాగుండునని ఆవిడకు మొదటిసారి అనిపించింది.

"ఒక కన్నుతో చూస్తే కూడా ఇంగ్లీషులో అదే మాట రాస్తారా?" అని అడిగింది మర్యూమా.

"అదే మాట."

"అయితే సరే."

రొట్టె తీసి తట్టలో వేసింది. గిన్నెలో పిండి ఇంకా సగం ఉంది. బతూల్ లేవలేదు. మర్యూమా కూడా ఇంక వెళ్ళమనలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ ఆ పెనం దగ్గరే ఉన్నారు.